బెత్తెడు పరుపు

ఆదోనిలో రైలుగేటు పక్క పాత సామాన్ల కొట్టు.
ఇనుముకో ధర, కొయ్యకో ధర.
రెండూ కలిసిన బొమ్మరిల్లుకు ఏ ధర వేయాలో తెలీక
కొట్టాయన దాన్ని తక్కెడ మీదే మర్చిపోయినాడు.

రెండంతస్తులు. ముందుగోడ తలుపులా తెరుచుకుంటుంది.
లోపల అగ్గిపెట్టెంత బీరువా,
చిటికెన గోరంత గొళ్ళెం. అది ఇంకా పడుతుంది.
మేడ మీద పడకగది. మంచానికి ఒక కాలు లేదు.
మంచం మీద పరుపుంది.

ఆ పరుపు నాకు తెలుసు.
నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో దాని మాట నడుస్తానే ఉంది.

హీరాచంద్ సేటు కూతురి కోసం
ఈ ఇల్లు బొంబాయి మెయిల్లో దిగిందంట.
గడ్డిమూటలోంచి ముందు పొగగొట్టం బయటపడితే
ఆదోని ఎండకు చలిమంట ఎవరికిరా అని
హమాలీలు నవ్వినారంట.
పరుపును మాత్రం దారిలోనే ఎలుకలు తినేసినాయి.
మా జేజినాయన ఫకీరప్పకు కబురొచ్చింది.

మనిషెత్తు విల్లు భుజానేసుకుని పోయినాడు.
కొలత చూపినారు:
పొడవు బెత్తెడు, అడ్డం రెండు వేళ్ళు.
తంతి మీద గూటంతో ఒక్క ఏటు వేస్తే
చిటికెడు దూది లేచిపోయి దూలానికి అంటుకుంది.
విల్లుకు చిన్నది తెలీదు.

ఇంటికి తెచ్చి, బుడ్డిదీపం ముందు
రాత్రంతా గోళ్ళతో ఏకినాడు.
నలక తీసి, పోగు విప్పి,
మళ్ళీ నలక తీసి.

పొద్దున కూలి చెప్పినాడు: పన్నెండు రూపాయలు.
పెద్ద పరుపుకెంతో దీనికీ అంతే.
"బొమ్మ పండుకునేదానికా?" అన్నాడు సేటు.
"నేను పండుకోలేదు గదా సేటూ," అన్నాడంట.
సేటు నవ్వి ఎనిమిదిచ్చినాడు.
నాలుగు ఇప్పటికీ బాకీ.

లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేసినాను.
మొదట్లో ఇవి పిల్లలవి కావంట.
డచ్చి దేశంలో కలిగినింటి ఆడవాళ్ళు
బీరువాలో అరలు అరలుగా ఇల్లు కట్టించి,
నిజం వెండి గరిటెలు, నిజం పింగాణీ పెట్టి,
వచ్చినోళ్ళకు తలుపు తెరిచి చూపేవాళ్ళంట.
జర్మనీలో ఆడపిల్లకు వంటిల్లు ఒక్కటే ఇచ్చేవాళ్ళంట,
చెయ్యి ఇప్పటినుంచే తిరగాలని.
కొన్ని గరిటెల అడుగున
చేసిన కంసాలి ముద్ర ఉందని రాసినారు.
పరుపుల గురించి వెతికినాను.
పరుపులకు ముద్రలుండవు.

మా అమ్మ మాబున్నికి బొమ్మరిల్లు లేదు.
మిల్లు వెనక పత్తిగింజల కుప్పలో కాలు దూర్చి,
పైన గింజలు కప్పి, అరచేత్తో అదిమి,
మెల్లగా కాలు తీసేది.
ఎవరో గంప నింపుకుంటే ఇల్లు జారిపోయేది.
ఇంకో కాలు దూర్చేది.

ఇల్లు నేను కొనలేదు. పెట్టేదానికి చోటేదీ.
పరుపొక్కటే అడిగితే
కొట్టాయన తక్కెడలో వేసి, ముల్లు చూసి,
"దీనికి తూకం పడదు, ఊరికే తీసుకపో" అన్నాడు.

అమ్మ చేతిలో పెట్టినాను.
చిన్నతనాన్ని చూసి నవ్వుతుందనుకుంటే
గుడ్డను తిప్పి తిప్పి చూసింది. ఎర్రచారల గుడ్డ.
"నా గౌను జేబు," అనింది.
"పీర్లపండక్కి కుట్టిచ్చినారు, రెండు జేబులు పెట్టి.
ఓ పొద్దు లేచి చూస్తే ఒకటే ఉంది.
ఆ యేడంతా
కుడిచెయ్యిని ఏడ పెట్టుకోవల్లో తెలీక తిరిగినా."

అంతే. ఇంకేమీ అనలేదు.
మిషను మీదికి వంగి,
పళ్ళ మధ్య పట్టుకున్న సూదులు ఒక్కొక్కటే తీసి
పరుపులో గుచ్చింది.
ఏడో సూది దాకా గుచ్చి, ఆగి,
ఎక్కడా గింజ తగల్లేదని
తనలో తానే అన్నట్టు అనింది:

"బాగా ఏకినాడు."