వంతు

పాలకొల్లులో, రొయ్యల మందుల కొట్టు పైన మేడగది.
పరంజ్యోతి గారి తలకి ఇరవై ఒక్క తీగలు అతికించాను.
ముప్పయ్యేళ్లు లాకు లస్కరు. పోయిన నెల
కాలవగట్టు మీద పడి కొట్టుకున్నారట, నోట నురగ.

కళ్లు మూసుకోమన్నాను.
తల వెనక తీగల్లో అల లేచింది, సెకనుకి తొమ్మిది.
తెరిచారు. చెదిరిపోయింది.
"ఎవరమ్మా లోపల వాయించేది?"

ఎవరూ కాదండీ.
కొన్ని కణాలున్నాయి, వాటికొచ్చిన మాట ఒక్కటే: వద్దు.
అవి వద్దన్నంతసేపూ మిగతావి అణిగుంటాయి.
అణిగిన కణం గోడలో సన్నని తూమొకటి
లోతుకి దిగేకొద్దీ వదులవుతుంది.
ఆ వద్దు అలిసిందా,
వేల కణాలు ఒక్క ఊపున లేస్తాయి.
మళ్లీ వద్దు.

ఆయన పకపకా నవ్వారు, తీగలన్నీ తెర మీద గీరుకుపోయేలా.
"వంతన్నమాట!
మూసేవాడు లేకపోతే పై పొలాలే తాగేస్తాయి,
శివారుకి చుక్క దిగదు.
తెరిచినప్పుడు దండం ఎవరూ పెట్టలేదు గానీ
మూసినప్పుడల్లా తిట్లే నాకు."

మరి ఆవేళ గట్టు మీద?
మూసే చేతులు జారి గండి పడింది.
అది మాత్రం పైకి అనలేదు.

నిద్రపట్టింది.
నడుమ లావై కొసల సన్నబడే అలలు, నూలు కదుళ్లలా.
కరెంటు పోయింది. చెరువుల్లో ఏరేటర్లు ఆగాయి,
ఇన్వర్టరు మీద నా తెర ఒక్కటే.
ఎడమ కణత దగ్గర సూదిమొన.
ఇంకొకటి.
టైము రాసుకున్నాను: రెండూ పదిహేడు.

నిద్రలో ఆయన కుడిచెయ్యి
లేని చక్రాన్ని తిప్పుతోంది,
మూస్తోందో,
తెరుస్తోందో.