కాగితపు బూర

రేకు బూరది ముక్కుతో పలికే గొంతు.
'స' వచ్చిన చోటల్లా ఈల,
పై స్థాయికి పోతే డబ్బాలో గులకరాయి.
ఇత్తడిది ఇంకో రకం.
ఖంగున మోగుతుంది,
పాడిన మనిషిని పక్కకు నెట్టి తానే వినిపిస్తుంది.

ఇది ఈనిడ్ హాస్లమ్ అభిప్రాయం.
టాడ్మొర్డెన్‌లో, మూతపడ్డ నూలు మిల్లు వెనక గదిలో
ముప్పయ్యేళ్లుగా పాత ఫోనోగ్రాఫులకు గొంతు కుదురుస్తోంది.
నేను ఆమె దగ్గర బంక కలిపేవాణ్ణి.
నాకు అభిప్రాయాలుండేవి కావు,
వేళ్లు మాత్రం ఎప్పుడూ జిగటగా ఉండేవి.

ఆ నవంబరులో వచ్చిందొక బూర.
మూతి చూస్తే మనిషి దూరేంత,
మెడ దగ్గర నా బొటనవేలంత.
మొత్తం కాగితమే, పొర మీద పొర.
కాల్డర్ నది పొంగి ఎవరి నేలమాళిగలోకో వచ్చి
దాని అంచును అప్పడంలా ఉబ్బించి పోయింది.

ఈనిడ్ తడి పొరను గోటితో లేపింది.
లోపల అక్షరాలు.
పాత టెలిఫోన్ డైరెక్టరీ.
ఎవరో ఎప్పుడో చింపి, నానబెట్టి, అంటించినది.
గ్రీన్‌వుడ్, బొగ్గుల వ్యాపారి.
సట్‌క్లిఫ్, మంత్రసాని.
పేరు చిరిగిపోయిన ఒకాయన,
గడియారాలు బాగుచేయబడును.
నంబర్లకు మూడే అంకెలు. అప్పటికి ఊరంతే.

"ఇది తీసేసి కొత్త కాగితం వేద్దామా?" అన్నాను.
ఆమె నావైపు చూసింది.
నేను మళ్లీ బంక కలపడం మొదలుపెట్టాను.
మంత్రసానిని వేలితో నిమిరి సర్ది
ఆమె మీద ఆ వారం పేపరు అంటించింది:
సగం ధరకు సోఫాలు, రద్దయిన బస్సులు.

ఆరడానికి పదకొండు రోజులు.
అప్పుడు వెదురు ముల్లు వాడిగా కోసి, కీ ఇచ్చి,
రికార్డు మీద మోపింది.

ముందు రేకుల కప్పు మీద చినుకులు.
తర్వాత ఒకావిడ.
ఎవరో తెలీదు, లేబుల్ ఎలుకలు తినేశాయి.
ఇలాంటి బూరకే ఎదురుగా నిలబడి పాడేవాళ్లట అప్పట్లో.
తారస్వరం రాబోతుంటే ఒకడు భుజాలు పట్టి వెనక్కి లాగేవాడట,
మైనంలో ముల్లు గాడి తప్పకుండా.
నాకు వినిపించింది ఆ అడుగు.
గొంతు గదిలో ఒక్కసారి గోడదాకా జరిగి
మళ్లీ చెంప దగ్గరికొచ్చింది.

మంద్రం లేదు. లేనిదాన్ని ఏ బూరా ఇవ్వదు.
కానీ ఉన్న ఆ కాస్తా
కంచం అంచుకు తగలని గరిటెలా వచ్చింది.
ఊపిరి పీల్చిన చోటు తెలిసింది,
పెదవి తడుపుకున్న చోటు కూడా, ఒట్టు.

చివరి చరణానికి వెదురు మొద్దుబారింది.
మాటలన్నీ ఉన్నిలో చుట్టినట్టయ్యాయి.
ఈనిడ్ ఆపలేదు, తల వంచి వింటోంది.
"సోఫాల దగ్గర ఇంకా గరగరమంటోంది," అంది.
"పొర బిగియలేదు."

ఆమె టీ పెట్టడానికి వెళ్లాక
నేను బూర పక్కకు చెవి ఆనించి
వేళ్లతో వెతికాను
సట్‌క్లిఫ్ ఎక్కడుందో.