పెసల సంచి

డాక్టరమ్మ అరబ్బీలో అడిగింది.
కేరళ నర్సు దాన్ని హిందీలోకి తిప్పింది.
నాకు తెలుగులో చేరేసరికి
ఇంతే మిగిలింది:
"నీకేం కావాల?"

పన్నెండేండ్లుగా ఈ కువైట్‌లో
ఆ మాట నేను అడిగేదాన్నే గానీ
నన్ను అడిగినోళ్లు లేరు.
చాయా, గహ్వానా, నిమ్మకాయ నీళ్లా అని
తట్ట పట్టుకొని, గోడ పక్కన నిలబడి.

రెండు దావలున్నాయంట.
ఒకటి సిలికాన్. బల్ల మీద పెట్టి
ముట్టుకోనిచ్చింది.
చల్లగా, వణుకుతా,
ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగుగడ్డ మాదిరి.
రెండోది, పొట్ట కింది కండ కోసి
పైకి తెచ్చి కుట్టేది.

నాకు నవ్వొచ్చింది.
ఆ పొట్ట నాతో రాలేదమ్మా ఈ దేశానికి.
మిగిలిన మజ్బూస్ అన్నం
రాత్రి పదకొండుకు సింకు కాడ నిలబడి తిన్నదంతా
ఆడ్నే చేరింది.
దాన్ని తెచ్చి గుండె మీద పెడతారంట.
నర్సు నవ్వలేదు. ఫారమిచ్చి
ఆలోచించుకొని ఆదివారం రమ్మంది.

తీసేసింది ఎడమది.
మా మస్తానమ్మ ఎప్పుడూ ఆ పక్కే తాగేది.
దాని ఏడో నెలలో నేను విమానమెక్కినా.
వచ్చిన కొత్తలో, బాత్రూంలో కొళాయి తిప్పి
ఆ సద్దులో పిండి పారబోసేదాన్ని.
నాలుగు దినాలు జ్వరం.
ఐదోనాడు అదే సర్దుకుంది.
ఎంత చెప్పినమాట వినేదో, పాపం.

"అట్లాంటిదే చేస్తాం" అంటాది డాక్టరమ్మ.
అట్లాంటిదంటే ఏ వయసుది?
పదిహేడేండ్లప్పుడు పైట కింద దాచుకున్నదా,
ఆ బాత్రూంలోదా,
పోయిన రంజాన్‌లో సబ్బు జారతా జారతా
గోలీకాయంత గడ్డ తగిలినదా?
తాకితే మాత్రం తెలీదంట, ఏది పెట్టినా.

"ఎవరికి చూపియ్యాల?" అన్నాడు మా ఆయన ఫోన్లో.
ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగినాడు.
లెక్కేసి చూసుకున్నా.
రెండేండ్లకోసారి నలభై దినాల సెలవు,
పన్నెండేండ్లకు రెండు వందల నలభై.
మిగతా దినాలన్నీ
దాన్ని చూసింది నేనే.

ఇంట్లో పెద్ద మామకు నీళ్లు పోసేది నేను.
ఈడ మామంటే ఆడమనిషి, యజమానురాలు.
మొదటేడు "మామకు స్నానం చేయించినా" అంటే
మా ఆయన రెండు దినాలు నాతో మాట్లాడలేదు.
ఆమెకూ లేదు, కుడివైపు.
నలభై ఏండ్ల నాటి కోత
ఎండిపోయిన వంక మాదిరి చంక దాకా పోతాది.
తెల్లగుడ్డ సంచిలో పెసలు పోసి
లోబాడీలో పెట్టుకుంటాది.
ఎండాకాలం పురుగు పడతాది.
విప్పి, చెరిగి, కొత్తవి పోసి, నేనే మళ్లీ కుడతా.
ఒక ఆగస్టులో చెమటకు మొలకలొచ్చినాయి.
అరచేతిలో పెట్టుకొని చూసి
పండ్లు లేని నోటితో ఎంతసేపు నవ్విందో!

నాకు ఆపరేషన్ అయినాక
ఆమే ఒకటి కుట్టిచ్చింది.
చూపు ఆనదు, కుట్లన్నీ వంకర,
దొరికిన దారం పచ్చది.
కొంచెం బరువెక్కువే పోసింది.
పొద్దున పెట్టుకుంటే చల్లగుంటాది,
మధ్యాన్నానికి నా ఒంటి వేడి దానికీ వస్తాది.
వంగి తుడిచేటప్పుడు జారి
ఒకసారి బకెట్లో పడింది.
జారనిది కావాలని నాకూ ఉంది.
ఉండకూడదా?

ఈ రోజు గురువారం.
ఇస్త్రీ గదిలో తలుపేసుకొని
ఒక చేత్తో పొట్టకండ పట్టి చూస్తాండా,
ఇంకో చేతిలో సంచి.
ఫారంలో అవును, కాదు, రెండే గడులు.
పైనుంచి పిలుపు:
"యా బులా!"
ఓబులమ్మ అనే పేరు ఆమె నోట్లో తిరగదు.
చాయి పొద్దయింది.

"దగీగా, మామా" అన్నా.
ఒక్క నిమిషం.
పన్నెండేండ్లలో ఎప్పుడూ అనలేదు.

పైన ఆమె ఆగింది.