బీగంచెవి

ఏడు రోడ్ల కాడ, చెప్పుల అంగడి పక్క సందులో
పైన నా గది, కింద ఫక్కీరప్ప గొడుగు.
నేను తొమ్మిదిమంది నర్సులకు జర్మన్ చెబుతాను.
ఆయన చెవులు చేస్తాడు.
చెవులంటే బీగంచెవులు.

నిన్న నా చెవి పోయింది.
మెట్లు దిగి ఆయన పక్కన బండ మీద కూచున్నా.
సాయంత్రం అయిదైనా
బండ ఇంకా మధ్యాహ్నాన్ని వదల్లేదు.
"అచ్చు తెచ్చినారా మేడమ్మా?"
పోయింది అచ్చే కదప్పా, అన్నాను.
నవ్వి, ఒక మొండి చెవి, ఒక ఆకురాయి పట్టుకుని
మెట్లెక్కి, బీగంలో పెట్టి తిప్పి,
గీతలు ఎక్కడ పడినాయో చూసుకుంటూ దిగొచ్చినాడు.

రుద్దుతూ అడిగినాడు:
"దినామూ ఇంటా ఉంటా. నామె నామె అంటా ఉంటారే, ఏంది మా అది?"
పేరు. మన నామమే.
"మనదెట్ల పాయె ఆడికి?"
పోలేదప్పా.
రాత్రిని వాళ్ళు నాహ్ట్ అంటారు, మన పురాణాల్లో నక్తం.
ముక్కు నాసె, నాసిక.
ఎలుక మౌస్. వినాయకుడి కింద ఉండేదే, మూషికం.
"ఇంగిలీసోల్లకూ మౌసే గదా."
అదే మరి.
ఎక్కడో ఒక తల్లి, పేరు కూడా మిగలని తల్లి,
కొంగున ముడేసి ఇచ్చిన చిల్లర ఇది.
నోట్లు దారిలో ఖర్చయిపోయినాయి.
చిల్లర మాత్రం ఎవరి జేబులో వాళ్ళకు మోగుతా ఉంది.

"అయితే మనమూ ఆ తల్లి బిడ్డలమేనా?"
కాదు. మన తల్లి వేరు.
పేరు, రేయి, ముక్కు, ఎలుక, తలుపు
ఇవి ఆమె పెట్టిపోయినవి.
ఆ తల్లి కూతురు ఒకామె మనింటికి కోడలుగా వచ్చి
నామాన్నీ ద్వారాన్నీ సారెలో తెచ్చింది.
వంటింట్లో ఇప్పటికీ అత్త మాటే.

అంతలో సలోమి వచ్చింది, ముద్దనూరు పిల్ల,
డ్యూటీ దిగి, తెల్ల చెప్పులతో.
"మేడం, ఊర్ అంటే గడియారమంట! మా ఊర్లో అదే లేదు.
నీ అంటే ఎప్పుడూ కాదు అనంట.
ఇవి గూడా చుట్టాలేనా?"
కాదు, పోలిక, అన్నాను, అంతకన్నా చెప్పలేక.
ఫక్కీరప్ప తీగకు వేలాడేవాట్లో రెండు చెవులు తీసి
ఆ పిల్ల అరచేతిలో పెట్టినాడు.
"ఇవి రెండూ కవలల మాదిరి లేవూ?
ఒకటి బీరువాది, ఒకటి బండిది.
దీని తోడుబుట్టింది ఇదిగో, ఈ అరిగిపోయింది.
చూస్తే నమ్మవు. తిప్పితే నమ్ముతావు."
నా మూడు వారాల పాఠం
ఆయన మూడు మాటల్లో ముగించినాడు.

"వాల్లు చెవిని ఏమంటారు మా?"
ష్లుస్సెల్.
"అమ్మో! అంత పొడుగుది బీగంలో దూరుతుందా?"

చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పినాను.
చావె అని పోర్చుగీసు వాళ్ళ మాట ఒకటుంది,
అది ఓడ దిగి, మన నోళ్ళలో అరిగి
చెవి అయిందంటారు కొందరు.
కాదు, అది మన చెవే అంటారు ఇంకొందరు.
నాకూ తెలీదు.
ఆకురాయి ఆగింది.
నలభై ఏండ్లుగా చేస్తున్న వస్తువు పేరు
తనది కాదేమోనని ఒక మనిషికి చెప్పడం
మంచి పని కాదేమో.
ఇత్తడి పొడిని ఉఫ్ అని ఊదినాడు.
"ఏ దేశపుదైనా గానీ మా.
నన్నడిగితే చెవి బీగానికే ఉంది, ఆ బెజ్జం.
ఇది నాలిక. సరిగ్గా పలికితేనే ఇంటుంది."

మూడోసారికి పలికింది.
నలభై రూపాయలు తీసుకున్నాడు, టీకి పది కలిపి.

ఆరింటికి పాఠం. ఇల్లు గురించి.
బోర్డు మీద ట్యూర్ అని రాసి
పక్కన డోర్, దాని పక్కన ద్వారం రాసినాను.
వరసలు కలిసినందుకు పిల్లలు గోలగోలగా నవ్వినారు.
"మరి గడపకు, మేడం?"
సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయినా.
దానికి నా దగ్గర చుట్టాలెవరూ లేరు,
ఈ ఊరు తప్ప.