నూట నలభై మూడో గడి

పావుమైలు.
ఈ దారి ఇంకెక్కడికీ పోదు.
మా తాత జొన్నచెరకు గానుగకి కట్టిన కంచరగాడిద
తొక్కి తొక్కి వేసిన గుండ్రటి బాట మీదే
యుద్ధం నించి తిరిగొచ్చిన మా మావయ్యలు
బుల్డోజరు తోలారు.
పానకం కాగిన చోట పెట్రోలు కాగింది.
ముందు ఎర్రమట్టి, తర్వాత తారు,
తారు మీద రబ్బరు,
రబ్బరు మీద నా నలభయ్యొక్క వేసవుల శనివారాలు.

నా చోటు ఒక చెక్క మంచె.
బల్ల, పెన్సిలు, గడులు గీసిన కాగితం.
మనిషికో కారు అప్పగిస్తారు.
అది గీత దాటినప్పుడల్లా గడియారం చూసి
గడిలో నిమిషం, సెకను వెయ్యాలి.
గెలుపంటే మాకు
అందరికంటే ముందు నిండిన కాగితం, అంతే.

కార్లు బాగుచేసే చోటికి ఆడవాళ్లని రానిచ్చేవారు కాదు.
వేరుశనగ తొక్కలు, ఆకుపచ్చ రంగు, మేము,
మూడూ అపశకునాలే.
లెక్క మాత్రం మా చేతికే ఇచ్చారు.
మంచె మీద ఒకటే నవ్వుకునేవాళ్లం.

ఆ ఆగస్టు రాత్రి నా కారు ముప్ఫై ఎనిమిది.
నారింజ రంగు. తలుపుల్లేవు, గొలుసుతో కట్టేశాడు.
హాయిట్ లింగర్‌ఫెల్ట్ వారమంతా మేజోళ్ల మిల్లులో
సూదులు విరిగిన యంత్రాలు బాగుచేసి
శనివారం నాడు తనది తను విరగ్గొట్టుకునేవాడు.
రెండొందల చుట్లు. చుట్టుకి పదిహేడు సెకన్లు.
ఎప్పుడూ ఎడమకే, ఎడమకే,
మెడలో నరం కూడా ఎడమకి పెరిగిందనేది వాళ్లావిడ.

నూట నలభై రెండు రాశాను.
దీపస్తంభం నించి ఒక రెక్కలపురుగు రాలి
సరిగ్గా పక్క గడి మీద వాలింది.
అరచేతంత. లేత ఆకుపచ్చ. తోక రెండు పాయలు.
కంటికి కాటుక పెట్టినట్టు రెక్కకో చుక్క.
అంత చప్పుడులో అది అసలు కదల్లేదు.
విదిలిస్తే పొడి రాలుతుందని
కాగితం మెల్లగా వంచాను, ఊదాను,
తలెత్తేసరికి ముప్ఫై ఎనిమిది రెండో మలుపులో ఉంది.

దాటిందా? ఇంకా దాటలేదా?
ఇదివరకటి చుట్టేనా ఇది?
రాయలేదు.

బక్ టెస్నియర్‌కి జెండా ఊపారు.
హాయిట్ మంచె కింద నిలబడి, హెల్మెట్ చంకలో పెట్టుకుని
ఒకే మాటడిగాడు: "ఒకసారి చూడమ్మా."
పెద్దమనిషి నా కాగితం చూశాడు. నూట తొంభై తొమ్మిది.
"కాగితానికి చుట్టరికాల్లేవు హాయిట్," అన్నాడు.
నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను,
చెక్కాల్సినంత మొద్దుబారలేదు అది.

నాలుగొందల డాలర్లు.
ఆ శీతాకాలం అతను కారు అమ్మేశాడని విన్నాను.
దుకాణంలో కనపడితే టోపీ తీసేవాడు,
వాతావరణం గురించి మాట్లాడేవాడు.
వాన గురించే ఎక్కువ.

ఇప్పుడు కారు కడుపులో ఒక బిళ్ళ, తారు కింద ఒక తీగె.
సెకనులో వెయ్యోవంతు దాకా చెబుతాయి.
వాటి మీద ఏ పురుగూ వాలదు.

మార్చిలో హాయిట్ పోయాడు.
ఏప్రిల్లో, పందేలింకా మొదలు కాకముందు
ఒక మంగళవారం గేటు తీయించుకున్నాను.
చేతికర్ర ఊతంగా, ఎడమకే నడిచాను.
మలుపుల్లో తారు చేట వాల్చినట్టు వాలి ఉంటుంది,
మంచె మీంచి నాకెప్పుడూ తెలీలేదు,
కుడికాలు పైన, ఎడమకాలు కింద, తుంటి ఒకటే సలుపు.
మూడో మలుపు దగ్గర గోడకానుకుని నిలబడ్డాను.
గోడ మీద రంగుల పొరలు, గోటితో గీకితే
పసుపు, నీలం, ఇంకా లోపల
నారింజో తుప్పో.

గీత దాటాను.
నలభయ్యారు నిమిషాల పది సెకన్లు.
సంచీలోంచి పాత కాగితం తీసి గడిలో వేశాను.
అతను దాటాడో లేదో నాకిప్పటికీ తెలీదు.

గేటు దగ్గర కుర్రాడు అడిగాడు,
"ఏ కారు కోసం వచ్చారండీ?"
ముప్ఫై ఎనిమిది అన్నాను.
వాడు తన పలక మీద పైనించి కిందికి వేలు జరిపాడు.
"ఈ ఏడు ఆ నంబరు ఎవరూ తీసుకోలేదే," అన్నాడు,
తాళం వెతుక్కుంటూ.