పట్టుకునే పని

సూది డాక్టరుది.
పట్టుకోవడం నాది.
మోచేతి మలుపులో కుక్క తల ఆనించుకుని
రెండో చేతి బొటనవేలితో ముంగాలిమీద ఒత్తి
కాస్త పక్కకు తిప్పితే
గొరిగిన చర్మం కింద నరం
తడిసిన నూలుపోగులా తేలుతుంది.
పదిహేడేళ్లలో నా వేలికి అబ్బిన విద్య ఇదొక్కటే.
"నెరిస్, నువ్వు పట్టుకుంటే కళ్లు మూసుకుని గుచ్చొచ్చు"
అంటుంది డాక్టర్ బెగోన్యా.
స్పెయిన్ నుంచి వచ్చి ఆరేళ్లయింది,
మా వేల్స్ వానను ఇంకా తిడుతూనే ఉంటుంది.

మిగతా పనులకు పేర్లుండవు.
పిల్లి ఉచ్చ, బ్లీచు, నెత్తురంటిన తువ్వాళ్లు.
మత్తులో పడుకున్న ప్రాణానికి
ఐదు నిమిషాలకోసారి ఊపిరి లెక్కపెట్టి
కాగితంమీద చుక్క పెట్టడం.
చుక్కలు కలిపితే ఒక కొండల వరుస,
మా బెర్విన్ కొండల్లాగే, పెద్ద ఎత్తులేం ఉండవు.
ఉండకూడదు కూడా.
ఈనే కాలంలో అర్ధరాత్రి
గొర్రె కడుపు కోసి తీసిన పిల్లను
గడ్డితో రుద్ది రుద్ది
ముక్కులో పరక పెట్టి తుమ్మించడం.
తుమ్మితే బతికినట్టు.
తుమ్మనిదాన్ని బకెట్లో వేసి
ఇంకోదాని కోసం చేతులు చాపడం.

మార్చిలో ఒక మంగళవారం
ఇద్వాల్ వచ్చాడు, మోట్‌ను ఎత్తుకుని.
పద్నాలుగేళ్లుగా ఆ కుక్క
తన కాళ్లమీదే వచ్చేది,
బండి ఆగకముందే దూకి, మాకంటే ముందు తలుపు దగ్గరుండేది.
కడుపులో గడ్డ పగిలింది.
చిగుళ్లు తెల్లకాగితం.
ఆపరేషన్ అని బెగోన్యా నోరు తెరవబోతే
ఇద్వాల్ చెయ్యెత్తి ఆపాడు,
మందను ఆపినట్టు.
సంతకం పెట్టాడు. పెన్ను జాగ్రత్తగా మూతపెట్టి ఇచ్చాడు.
"నేను బండిలో ఉంటా."

ఉండలేనివాళ్లమీద నాకు కోపం రాదు.
మొదటి రెండేళ్లూ వచ్చేది.

మోట్‌కు వెల్ష్ తప్ప ఇంకో భాష రాదు.
బెగోన్యాకు అదొక్కటే రాదు.
అందుకని మాట్లాడటమూ నా పనే.
తల ఆనించుకుని, బొటనవేలు ఒత్తి,
చెవిలో చెప్పాను:
గొర్రెలన్నీ దొడ్లో పడ్డాయి.
లెక్క సరిపోయింది.
గేటు నేనే వేసేశాను.
అది నా మాట వినలేదు.
తలుపు వైపే చూసింది.
పసుపు మందు సగం దిగేదాకా
తలుపు వైపే.

రిజిస్టర్లో రాశాను:
బరువు పద్దెనిమిది కిలోలు, మందు ఇన్ని మిల్లీలీటర్లు,
నాలుగూ నలభై.
చూసినవి రాసుకునే గడి అందులో లేదు.

బెల్టు తీసుకెళ్లి కిటికీలోంచి ఇస్తే
బండి అద్దాలు లోపలినుంచి మసకబారి ఉన్నాయి.
"నాకోసం చూసిందా?"
"లేదు. నిద్రలోనే పోయింది."
తలూపాడు. ఇంజను వేశాడు.
లోపల ఫోను మోగుతోంది,
ఎవరిదో కుందేలు రెండ్రోజులుగా తినడం లేదట.

మూడు వారాల తరవాత గుడ్లు తెచ్చాడు, ముప్ఫై,
పేడ మరకలతో, ఒకదానికి ఈక అంటుకుని.
కౌంటరుమీద పెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు.
"నిజంగా చూడలేదా?"
లేదన్నాను. ఈసారి
అబద్ధం ఇంకొంచెం బాగా చెప్పాను.

చాలాసేపు గుడ్లనే చూశాడు.
"అయితే అది నా కుక్క కాదు," అన్నాడు.
"నా కుక్కయితే చూసేది."

ఏ నరం దొరికినా వణకని బొటనవేలు
కౌంటరు అంచును గట్టిగా పట్టుకుంది.
"చూసింది, ఇద్వాల్.
తలుపు వైపు. చివరిదాకా."

అతను టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
వాకిట్లోకి వెళ్లి, వానలో వెనక్కి తిరిగి,
"గుడ్ల అట్ట మాత్రం తిరిగి ఇవ్వాలి" అన్నాడు.