నలక

రికార్డు గది ఖాళీ చేస్తున్నారు.
పాత రోడ్డు పటాలు కిలోల లెక్కన తూకానికి.
కాటా ఎక్కకముందే నాలుగు లాక్కున్నాను.
విజయనగరం రోడ్లు భవనాల ఆఫీసులో
నలభై ఏళ్లు ప్రింటు గది అమ్మోనియా పీల్చినవాణ్ని,
ఆ మాత్రం దొంగతనం చెల్లుతుంది.

గచ్చు మీద పరిచాను.
మొదటిది గుడ్డకి అతికించిన పటం.
మడతల దగ్గర ఊళ్లు అరిగిపోయాయి,
చీపురుపల్లిలో 'పల్లి' లేదు.
ఎర్ర గీత కంకర రోడ్డు,
తెగిన గీత బండి బాట,
చుక్కలైతే ఎండ కాసినన్నాళ్లే దారి.
ముసాఫరు బంగళాకి బుల్లి ఇల్లు,
ఏరు దాటాల్సిన చోట పడవ బొమ్మ.
తెలియని చోట తెలియదనే చెప్పేది ఆ పటం:
సాలూరు పైన కొండలంతా ఉత్త తెలుపు.

రెండోదానికి అట్ట వచ్చింది.
అట్ట మీద ఆనకట్ట, ముందు నాగలి మోస్తున్న రైతు.
ఆ నాగలి తలకిందులుగా ఉందని
నవ్విన మనిషి ఒక్కరే,
దాలినాయుడుగారు, మా ట్రేసరు.

ట్రేసింగు గుడ్డ మీద సుద్దపొడి చల్లి, అరచేత్తో దులిపి,
ఊపిరి బిగబట్టి గీసేవారు.
మధ్యలో తుమ్మొస్తే
బొబ్బిలి రోడ్డు రాజాం దాకా వంకరపోతుందని
ముక్కుకి తడిగుడ్డ.

ఒకనాడు మెట్ల మీద అసిరయ్య.
పెదరేవు పడవ మనిషి. పంచె అంచున ఇంకా నాగావళి బురద.
"బాబూ, నా పడవ కాయితం మీదుందట.
ఓపాలి సూపించండి."
నాయుడుగారు వేలు పెట్టి చూపించారు. చీమకంటే చిన్నది.
అసిరయ్య చాలాసేపు వంగి చూసి
"గెడ నేదేటి?" అన్నాడు.
ఆయన కలం ముంచి
వెంట్రుకంత గెడ దించారు నీట్లోకి.

డెబ్బై తొమ్మిదిలో జిల్లా విడిపోయింది.
మూడో పటంలో మన రోడ్లన్నీ
సరిహద్దు దాకా పరుగెత్తుకొచ్చి టక్కున ఆగుతాయి.
ఒక బాణం, 'శ్రీకాకుళం వైపు'.
అవతల తెలుపు.
ఇది ఆ పాత తెలుపు కాదు,
తెలిసీ మనది కాదనుకున్న తెలుపు.

అదే ఏడు పెదరేవుకి వంతెన.
గుర్తు మార్చమని పైనుంచి కాగితం.
నాయుడుగారు బ్లేడు పట్టి పడవని గీకడానికి
మధ్యాహ్నం కూర్చుంటే దీపాల వేళయింది.
పడవంతా పోయింది.
గెడ వదిలేశారు.
వంతెన రెండు గీతల కింద ఒక నల్ల నలక.
నేనేమీ అడగలేదు. ప్రింటు తీశాను.

తర్వాత ప్రతి పటమూ పాతదాని మీంచే గీశారు గనక
నలక నిలిచింది.
అట్ట మీద మంత్రులు మారారు, నవ్వు మారలేదు.
బంగళా పోయి పెట్రోలు బంకు.
అయిదో నంబరు రోడ్డు పదహారైంది
ఒక్క ఊరూ కదలకుండానే.
రంగులు పెరిగాయి, బండి బాటలు పోయాయి.

ఆఖరికి కంప్యూటరు.
కాంట్రాక్టు పిల్ల హిమబిందు
తెర మీద ఏటిని పెద్దది చేసి పిలిచింది:
"సార్, ఇక్కడేదో మరక. ఉంచాలా?"
నాయుడుగారు పోయి అప్పటికి పదకొండేళ్లు.
చెప్పొచ్చు. చెబితే గంట పడుతుంది.
టీ చల్లారుతోంది.
"మరకేనమ్మా," అన్నాను, "తీసెయ్."
మౌసు టిక్కుమంది.

నాలుగోది అదే.
నున్నటి కాగితం, వానకి తడవదు, మడతకి లొంగదు.
వేలితో ఏరంతా తడిమాను.
ఏమీ తగల్లేదు.

నిన్న రాజాం బస్సులో వస్తుంటే
వంతెన దిగగానే కండక్టరు అరిచాడు,
పాతికేళ్లు నిండని కుర్రాడు:
"పడవకాడ! పడవకాడ దిగేవోళ్లు!"
ఇద్దరు దిగారు,
సంచుల్లో వంకాయలతో.